సలహా ఇచ్చే అధికారం లేదు

బ్రోకర్ చనిపోయాడు. కానీ ఆయన షేర్లు కొంటూనే ఉన్నాడు.

కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. చెవి కింద దోమ కుట్టినంత ఎర్రటి మచ్చ. ఎదురుగా ఉన్న కంప్యూటర్ల మీద అంకెలు పరుగులు తీస్తున్నాయి. ఆయన క్లయింట్ల పేర్ల మీద ఒకదాని వెనక ఒకటి దరఖాస్తులు వెళ్ళిపోతున్నాయి. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు.

"మనకు సమాచారం ఇచ్చే మనిషి," అన్నాడు చీఫ్, గుమ్మం దగ్గరే నిలబడి. "పొద్దున ఫోన్ చేశాడు. ముఖ్యమైన సంగతి ఉంది, భోజనాల వేళకి రమ్మన్నాడు. వచ్చాం."

చీఫ్ పక్కనున్న మనిషి లోపలికి నడిచాడు. వంగి స్క్రీన్ చూశాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ తాబేలు అంటారు. నడకలో తొందర లేదు, మాటలో అంతకన్నా లేదు. రంగంలో ఇన్నేళ్ళుగా ఎవరికీ పట్టుబడకుండా ఉన్న ఏజెంటు కూడా అతనొక్కడే.

"అన్నీ ఒకే కంపెనీకి. బయటినుంచి ఎవరో నడుపుతున్నారు," అన్నాడు తాబేలు.

"అందుకే నిన్ను పిలిచింది. పద, కార్లో మాట్లాడదాం."

కారు అద్దాలు పైకెత్తాక చీఫ్ గొంతు తగ్గించాడు.

"పంపుల కంపెనీ పబ్లిక్ ఇష్యూ. విన్నావా?"

"ప్రకటన చూశాను."

ఊళ్ళకు నీళ్ళు తోడే పంపులు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే చిన్న పెట్టెలు ఆ కంపెనీ తయారుచేస్తుంది. దేశంలో ఏ పట్నంలో చూసినా వాటర్ వర్క్స్‌లో ఆ పెట్టె ఉంటుంది. అన్నిటికీ కలిపి ఒకటే మాస్టర్ కోడ్. అది కంపెనీ సొత్తు. కొత్త ఫ్యాక్టరీ కట్టడానికి మూలధనం కావాలని కంపెనీ పెట్టిన ఇంజనీరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో జనానికి షేర్లు అమ్ముతున్నాడు. చేతిలో ఫోన్ ఉన్నవాళ్ళెవరైనా కొనుక్కోవచ్చు.

"సగానికి పైగా షేర్లు ఎవరి చేతిలో ఉంటే కంపెనీ వాళ్ళది," అన్నాడు చీఫ్. "కంపెనీ ఎవరిదైతే కోడ్ వాళ్ళది. ఒక్క బటన్ నొక్కితే దేశమంతా కుళాయిలు ఎండిపోతాయి. ఆ తర్వాత వాళ్ళు ఏం అడిగితే అది ఇచ్చి నీళ్ళు తెచ్చుకోవాలి."

"కొంటున్నది ఎవరు?"

"కొంగలు."

సరిహద్దు అవతలి ఆ ముఠాకి ఆ పేరు పెట్టింది తాబేలే. జపం చేస్తున్నట్టు ఒంటికాలి మీద కదలకుండా నిలబడతారు. చేప దగ్గరికొచ్చాక పొడుస్తారు.

"రకరకాల పేర్ల మీద మూడో వంతు దాకా పోగుచేశారని బ్రోకర్ అనుమానం. ఎవరెవరి పేర్లో చెప్పేలోపే పోయాడు."

"అరెస్టు చెయ్యొచ్చుగా."

"ఏ నేరం మీద? హత్యకి రుజువు లేదు. షేర్లు కొనడం నేరమా? కొనండి బాబూ కొనండి అని కంపెనీయే టముకు వేస్తుంటే?"

"మరి నేనేం చెయ్యాలి?"

"లోపల చేరి చూడాలి."

"చూసి?"

"ఇంకా చూడాలి." చీఫ్ నవ్వలేదు. "చెయ్యి పెట్టొద్దు. నీ ముసుగు తొలగిందంటే వాళ్ళు జారుకుంటారు, ఇంకో దారిలో వస్తారు."

---

తాబేలుకి దొరికిన ఉద్యోగం షేర్‌హోల్డర్ల హెల్ప్‌లైన్‌లో. అద్దాల గోడల ఆఫీసులో మూడో అంతస్తు. తేనెపట్టు గదుల్లాంటి చిన్న చిన్న అరలు. ప్రతి అరలో ఒక కుర్చీ, ఒక స్క్రీన్, చెవులకు హెడ్‌ఫోన్. అరగోడ మీద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం అంటించి ఉంటుంది: 'క్షమించండి, పెట్టుబడి సలహా ఇచ్చే అధికారం మాకు లేదు.' ఇరుక్కుపోయినప్పుడల్లా అది చదవాలి.

డిపార్ట్‌మెంట్‌లో పరికరాలు చేసే అమ్మాయిని అందరూ స్క్రూ అంటారు. ఆమె అతనికి రెండు వస్తువులిచ్చింది. ఒకటి మందపాటి ఫ్రేమ్ కళ్ళజోడు. కొంగలవని అనుమానం ఉన్న ఖాతాల్లోకి ఎన్ని షేర్లు చేరుతున్నాయో అద్దం మూలన చిన్న అంకెగా కనిపిస్తుంది, దాని కాడలోంచి ఆమెతో రహస్యంగా మాట్లాడుకోవచ్చు కూడా. రెండోది చొక్కా కాలర్‌కి కుట్టిన బటన్.

"నొక్కితే మీ గొంతు మారిపోతుంది," అంది స్క్రూ. "ఎవరి మాటైనా కాసేపు వినిపిస్తే వాళ్ళ గొంతే వస్తుంది. పాటలు మాత్రం పాడకండి, తట్టుకోలేదు."

ఆ రోజు నుంచి తాబేలు ఆఫీసులో తన సొంత గొంతుతో ఒక్క మాట మాట్లాడలేదు.

చేరిన వారంలోనే నాలుగో అంతస్తు నుంచి పిలుపొచ్చింది. అక్కడ గాజుగదిలో కూర్చునేది ఇన్వెస్టర్ల వ్యవహారాలు చూసే డైరెక్టర్. ముదురు నీలం చీర, ఖరీదైన సెంటు, నడుస్తుంటే గదిలో వాళ్ళంతా చదువుతున్న పంక్తి మర్చిపోయేంత అందం. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు నెమలి. కొంగల దగ్గర జీతం తీసుకుంటూ మనకు కబుర్లు చేరవేసే మనిషి. కనీసం చీఫ్ నమ్మకం అది.

"ఏసీ ఎక్కువైందా?" అంది తలెత్తకుండా.

"చలి నాకు అలవాటే," అన్నాడు తాబేలు. రహస్య సంకేతం సరిపోయింది.

నెమలి కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుంది. "మీ చీఫ్‌కి చెప్పండి, కంగారు పడొద్దని. లిస్టింగ్ రోజున, షేర్లు మార్కెట్లోకి వచ్చేనాడు, వాళ్ళేమీ చెయ్యరు. ధర కుదుటపడ్డాక, నెలా రెండు నెలలకి మొదలుపెడతారు."

"నిజంగానా?"

"అబద్ధం చెప్పి నాకేం వస్తుంది?" అని నవ్వింది.

ఆ ప్రశ్నకి జవాబు వెతకాలని ఆ క్షణాన తాబేలుకి తోచలేదు.

---

షేర్ల కేటాయింపు పూర్తయిన మర్నాడు సెలవు. తాబేలు అక్కవాళ్ళింటికి వెళ్ళాడు.

అక్కా బావలది ఇస్త్రీ కొట్టు. కింద కొట్టు, మీద ఒక గది. వీధి వైపు బల్ల మీద బావ చొక్కాలు రుద్దుతుంటాడు, లోపల అక్క బట్టలు విడదీసి చీటీలు కడుతుంటుంది. తమ్ముడు మందుల కంపెనీలో సేల్స్‌మన్ అని, అందుకే ఊళ్ళు తిరుగుతుంటాడని వాళ్ళ లెక్క.

అతను చెప్పులు విప్పకముందే అక్క ఫోన్ పట్టుకుని ఎదురొచ్చింది.

"ఒరేయ్, ఇది చూడు. నేను కంపెనీ ఓనర్ని."

"ఓనర్లో వీసమెత్తు," అన్నాడు బావ.

"వీసమైనా ఓనరేగా! అప్లై చేసినవాళ్ళలో ఎంతమందికి రాలేదో తెలుసా? నాకు వచ్చింది."

స్క్రీన్ మీద పంపుల కంపెనీ పేరు చూసి తాబేలు చెప్పులు విప్పడం మర్చిపోయాడు.

"డబ్బెక్కడిదక్కా?"

"ఆవిరి మిషన్ కోసం దాచింది. ఊరికే బ్యాంకులో పడుండేకంటే ఇది నయం కదా. లిస్టింగ్‌లో కాస్త పెరిగితే చాలు, చిన్నది కాదు, పెద్ద మిషనే కొంటాం. మీ బావకి ఈ భుజం నొప్పి తప్పుతుంది."

"ఇప్పుడెందుకక్కా ఇవన్నీ. మనకు తెలియని వ్యవహారాలు..."

"నీకు తెలీదను, నాకు తెలుసు. వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ ఇంజనీరు ఇంటర్వ్యూ కూడా చూశాను. మొహం చూస్తే తెలిసిపోతుందిరా, అబద్ధం చెప్పే మనిషి కాదు."

అది నిజమే. తాబేలు ఆఫీసులో ఇంజనీరుని రోజూ చూస్తున్నాడు. నెరిసిన జుట్టు, మాసిన కాన్వాస్ బూట్లు. లిఫ్టులో ఎవరు కనబడినా "మీ వీధిలో నీళ్ళు వస్తున్నాయా?" అని అడిగే మనిషి.

చెప్పాలనిపించింది. అక్కా, అది కంపెనీ కాదు, వల. నువ్వు దాని మీద నిలబడ్డావు. నోటిదాకా వచ్చింది. ఉద్యోగంలో చేరిననాడు సంతకం చేసిన కాగితం గుర్తొచ్చింది. ఒక్క మాట బయటికి పొక్కితే బ్రోకర్ తర్వాత పోయేది ఇంజనీరు ప్రాణం.

"భోజనం పెట్టక్కా, ఆకలేస్తోంది," అన్నాడు.

---

లిస్టింగ్ రోజు ఆఫీసులో పెళ్ళిసందడి. గోడ మీద పెద్ద స్క్రీన్. ట్రేడింగ్ మొదలవుతుందనగా అందరూ గట్టిగా లెక్కపెట్టారు. గంట మోగింది. చప్పట్లు. ధర పచ్చగా పైకెక్కింది. ఇంకా ఎక్కింది.

"ఇంజనీరుగారేరీ?" అని ఎవరో అడిగారు.

"టీవీ వాళ్ళతో ఉన్నారు," అంది నెమలి, గాజుగది గుమ్మంలోంచి.

అప్పుడే ఫోన్లన్నీ ఒక్కసారి కుయ్యిమన్నాయి.

వీడియోలో ఇంజనీరు. అదే జుట్టు, అదే గొంతు, అదే తడబాటు. 'నన్ను క్షమించండి. మా పెట్టెల్లో లోపం ఉంది. ఇన్నాళ్ళూ దాచాను. కాంట్రాక్టులన్నీ రద్దయ్యాయి. మీ డబ్బు తిరిగి ఇవ్వలేను.' చివర కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

చప్పట్లు కొట్టిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. గోడ మీద పచ్చరంగు ఎరుపైంది.

"నకిలీ వీడియో," చెవిలో స్క్రూ గొంతు. "పక్కా నకిలీ. కంప్యూటర్ చేసిన మొహం. కొంగలు కదిలారు. జనం భయపడి అమ్ముతుంటే పడిన ధరకి వాళ్ళే ఏరుకుంటున్నారు. కళ్ళజోడు చూడండి."

అద్దం మూలన అంకె కదిలింది. నూటికి ముప్పై ఆరు. ముప్పై ఏడు.

"చీఫ్ ఏమంటున్నారు?"

"స్టాక్ ఎక్స్చేంజి వాళ్ళతో మాట్లాడుతున్నారు. ట్రేడింగ్ ఆపమంటే ఆపట్లేదు. ధర పడటం నేరం కాదంటున్నారు. గూఢచారి శాఖ అనే మాట వాళ్ళ నిబంధనల్లో లేదట. కంపెనీ అధినేత స్వయంగా అడిగితేనే ఆపుతారట."

"ఆయనెక్కడ?"

"అదే తెలీట్లేదు. వాళ్ళ చేతిలోనే ఉండుంటాడు. ఆయన బయటికొచ్చి 'అది నేను కాదు' అంటే కథ అయిపోయినట్టే కదా. జాగ్రత్త, మీ హెల్ప్‌లైన్లో మూడో చెవి ఉంది. ప్రతి ఫోనూ వింటున్నారు. మనకు విషయం తెలిసిందని వాళ్ళకు తెలిస్తే ఆయన్ని బతకనివ్వరు."

హెడ్‌ఫోన్‌లో దీపాలు వెలిగాయి. ఆరలేదు.

ఒక రిటైర్డ్ టీచర్. "నాయనా, నా పెన్షన్ డబ్బు. ఏం చెయ్యమంటావు?"

"క్షమించండి. పెట్టుబడి సలహా ఇచ్చే అధికారం మాకు లేదు."

సెలూన్ నడిపే ఒకతను. "అన్నా, సగం గెడ్డం చేసి కస్టమర్ని కూర్చోబెట్టి ఫోన్ చేస్తున్నా. ఒక్క ముక్క చెప్పన్నా."

"క్షమించండి..."

ఒకామె మాట్లాడలేదు. ఊరికే ఏడ్చి పెట్టేసింది. ఆమెకి కూడా అదే వాక్యం చెప్పాడు, అవతల ఎవరూ లేరని తెలిసి కూడా.

నలభై రెండు. నలభై మూడు.

ఇంకో దీపం.

"హలో అండీ... నా దగ్గర మీ కంపెనీ షేర్లున్నాయి."

మొదటి మాటకే తాబేలు వెన్ను నిటారుగా అయింది. వెనక ఇస్త్రీపెట్టె తడిబట్ట మీద పడిన సుయ్యిమనే చప్పుడు.

"చెప్పండి మేడమ్," అన్నాడు. గొంతు అతనిది కాదు.

"ఆ వీడియో నిజమేనా అండీ?"

"అధికారిక ప్రకటన వచ్చేవరకు మేమేమీ చెప్పలేం మేడమ్."

"అదెప్పుడొస్తుంది?"

"తెలీదు మేడమ్."

"మీరు లోపల ఉన్నవాళ్ళు కదా బాబూ. మీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? అమ్మెయ్యనా, ఉంచనా? ఆ ఒక్కటీ చెప్పండి చాలు." అక్క ఊపిరి పీల్చుకుంది. "మావారు అమ్మెయ్యమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఆయన మొహం చూసే కొన్నాను నేను. ఇప్పుడు ఆయనే వచ్చి అలా ఏడుస్తుంటే ఎలా నమ్మకుండా ఉండేది?"

"వద్దు," చెవిలో స్క్రూ గొంతు. "దయచేసి వద్దు."

"మా తమ్ముణ్ణి అడుగుదామంటే వాడు ఫోన్ ఎత్తట్లేదు," అంటోంది అక్క. "వాడెప్పుడూ అంతే. కావాల్సినప్పుడు దొరకడు. వాడికంటే ముక్కూ మొహం తెలియని మీరే నయం, ఎత్తారు."

బటన్ ఆపేస్తే చాలు. 'అక్కా' అంటే చాలు. ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆమెకి అర్థమైపోతుంది.

వింటున్నవాళ్ళకి కూడా అర్థమైపోతుంది.

తాబేలు ఎదురుగా అంటించిన వాక్యం వైపు చూశాడు. అక్షరాలు అలుక్కుపోయాయి. చదవాల్సిన పని లేదు, నోటికొచ్చు.

"క్షమించండి మేడమ్. పెట్టుబడి సలహా ఇచ్చే అధికారం మాకు లేదు."

అటువైపు ఇస్త్రీపెట్టె మళ్ళీ సుయ్యిమంది.

"సరేలే బాబూ. నీ ఉద్యోగం నీది. నిన్నని ఏం లాభం."

ఫోన్ పెట్టేసింది. అతని స్క్రీన్ మీద ఆమె ఖాతా ఇంకా తెరిచే ఉంది. చూస్తుండగానే షేర్ల నిలవ సున్నా అయింది. కళ్ళజోడు మూలన అంకె ఒక పిసరు పెరిగింది.

తాబేలు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడికి?" అంది స్క్రూ. "చూస్తూ ఉండమని కదా ఆర్డరు!"

"చూసింది చాలు."

---

గాజుగదిలో నెమలి హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుంటోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. తాబేలు తలుపు మూశాడు.

"లిస్టింగ్ రోజున ఏమీ చెయ్యరన్నావు."

"అన్నాను."

"ఎంతిచ్చారు?"

"మీ చీఫ్ జన్మలో ఇవ్వలేనంత." ఫోన్ బ్యాగులో పడేసింది. "చూడండి, కోపం వద్దు. మీరిచ్చేదానికి టాక్సీ ఖర్చులు కూడా రావు. పైగా కృతజ్ఞతలు చెప్పడానికి కూడా రహస్యంగా చెబుతారు. వాళ్ళు సలహాదారు వాటా అని నా పేరు మీద షేర్లు రాయించారు. ఇష్యూకి ముందే."

తాబేలు ఆమెను చూసి, నెమ్మదిగా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్ని వారాలు హెల్ప్‌లైన్లో కూర్చుని రోజుకి పదిసార్లు చెప్పిన జవాబొకటి గుర్తొచ్చింది.

"ఇష్యూకి ముందు ఇచ్చినవా?"

"అవును."

"అయితే అమ్మలేవు. వాటికి ఏడాది లాక్-ఇన్."

"వాళ్ళు చూసుకుంటామన్నారు."

"అమ్మి చూడు."

నెమలి నవ్వుతూనే ఫోన్ తీసింది. యాప్ తెరిచింది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. బూడిదరంగులో ఉన్న బటన్ ఉలకలేదు, పలకలేదు.

"ఏడాది ఎంతలో అయిపోతుంది," అంది. కానీ గొంతులో నవ్వు లేదు.

"వాళ్ళకి కావాల్సింది కోడ్. షేరు ధర కాదు. సాయంత్రానికి కోడ్ పట్టుకుపోతారు. ఆ తర్వాత ఈ కంపెనీ ఖాళీ డొల్ల. నీ షేర్లు పొట్లాలు కట్టుకోవడానికి కూడా పనికిరావు, కాగితం కూడా కాదుగా అవి."

గోడ మీద ధర ఇంకో మెట్టు దిగింది. నెమలి దాన్నే చూస్తోంది. ఇన్నేళ్ళుగా రెండు దేశాల్ని మోసం చేసిన మనిషికి, తనను కూడా ఎవరో మోసం చేశారన్న సంగతి మింగుడుపడలేదు. ఆమె మొహం అలా చూడటం తాబేలుకి అదే మొదటిసారి.

"దరిద్రులు," అంది చివరికి. "పై అంతస్తు. ఫస్ట్ ఎయిడ్ గది. డాక్టరు వాళ్ళ మనిషే. నా గొంతు వింటేనే తలుపు తీస్తాడు. నేను మాత్రం రాను."

"అక్కర్లేదు. నీ గొంతు చాలు."

లిఫ్టుల దగ్గర జనం. ఉద్యోగులంతా ఫోన్లు పట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. వాళ్ళకీ షేర్లున్నాయి. తాబేలు మెట్లవైపు తిరిగాడు. అతను పరిగెత్తడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. డిపార్ట్‌మెంట్‌లో కూడా ఎవరూ చూడలేదు.

"నలభై ఎనిమిది," అంది స్క్రూ.

తలుపు కొట్టాడు. కాలర్ బటన్ నొక్కాడు.

"నేనే. తలుపు తీయండి," అన్నాడు నెమలి గొంతుతో.

గొళ్ళెం కదిలింది. తెల్లకోటు వేసుకున్న మనిషి, ఆడగొంతుతో మాట్లాడిన ఈ మీసాలాయన్ని చూసి అరక్షణం అయోమయంలో పడ్డాడు. ఆ అరక్షణం సరిపోయింది. తాబేలు భుజంతో తోసిన తోపుకి డాక్టరు మందుల బీరువా మీద పడ్డాడు. చేతిలో సిరంజి మెరిసింది. బ్రోకర్ మెడ మీది మచ్చ గుర్తొచ్చింది. మణికట్టు పట్టి తిప్పాడు. సిరంజి కింద పడి విరిగింది. రెండో దెబ్బకి డాక్టరు కూడా కింద పడి లేవలేదు.

మంచం మీద ఇంజనీరు. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. పెదవి పక్కన చొంగ.

"సార్! సార్, లేవండి!"

"ఆయన ఫోన్ వెతకండి," అంది స్క్రూ. "ఎక్స్చేంజి యాప్‌లో అధినేతల కోసం ఒక అత్యవసర బటన్ ఉంటుంది. మొహం చూపిస్తే ట్రేడింగ్ ఆగుతుంది."

ఫోన్ బల్ల మీదే ఉంది. తాబేలు ఆయన్ని లేపి గోడకి ఆనించి, మొహం ముందు ఫోన్ పట్టుకున్నాడు. స్క్రీన్ మీద గుండ్రటి గీత. కింద అక్షరాలు: 'మీరు నిజమైన మనిషేనని నిర్ధారించడానికి చిరునవ్వు నవ్వండి.'

"నవ్వమంటోంది," అన్నాడు తాబేలు, నమ్మలేక.

"నకిలీ మొహాల్ని పట్టుకోడానికి పెట్టారు. నవ్వించండి! నలభై తొమ్మిది!"

ఇంజనీరు తల పక్కకి వాలిపోయింది. 'మళ్ళీ ప్రయత్నించండి' అంది యాప్. వేళ్ళతో పెదవులు పక్కకి లాగి చూశాడు. 'గుర్తించలేదు. ఇంకొక్క అవకాశం ఉంది.'

"నలభై తొమ్మిదిన్నర. అయిపోయింది. అయిపోతోంది..." అంది స్క్రూ.

తాబేలు చుట్టూ చూశాడు. మూలన సింక్. వెళ్ళి కుళాయి తిప్పాడు. దోసిట్లో నీళ్ళు పట్టి ఇంజనీరు మొహం మీద కొట్టాడు. కుళాయి కట్టకుండానే వెనక్కొచ్చి మళ్ళీ ఫోన్ పట్టుకున్నాడు.

ఇంజనీరు కనురెప్పలు కదిలాయి. నీళ్ళ చప్పుడు వైపు మెడ తిప్పాడు. నాలుక మొద్దుబారి మాట స్పష్టంగా లేదు.

"నీళ్ళు... వస్తున్నాయా?"

"వస్తున్నాయి సార్. ఇటు చూడండి. బాగా వస్తున్నాయి."

ఆయన ఫోన్ వైపు తిరిగి, నెమ్మదిగా, తృప్తిగా నవ్వాడు.

గీత పచ్చగా వెలిగింది.

చెవిలో స్క్రూ గట్టిగా ఊపిరి వదిలింది.

"ఆగింది. సగానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది."

---

సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో చీఫ్ స్వయంగా కాఫీ కలిపి ఇచ్చాడు. అది ఆయన ఇచ్చే అతి పెద్ద పతకం.

కొంగల ఖాతాలన్నీ స్తంభించాయి. డాక్టరు నోరు విప్పాడు, బ్రోకర్ని చంపింది తనేనని ఒప్పుకున్నాడు. ఇంజనీరు టీవీలో కనబడి 'అది నేను కాదు' అన్నాడు. నెమలి మాత్రం ఎటు ఎగిరిపోయిందో తెలీదు.

"ఆవిడ గురించి బెంగలేదు," అన్నాడు చీఫ్. "ఈ ఏడాదంతా కంపెనీ బాగుండాలని మనకంటే ఎక్కువ కోరుకునేది ఆవిడే."

తాబేలు కాఫీ ముట్టుకోలేదు.

"భయపడి అమ్ముకున్నవాళ్ళ సంగతేంటి సార్? వాళ్ళ షేర్లు వాళ్ళకి వెనక్కిస్తారా?"

చీఫ్ కిటికీ వైపు చూశాడు. "అడిగాను. ఎవరి బటన్ వాళ్ళే నొక్కారు కదా అంటున్నారు. కోర్టుకెళ్ళాలి. కోర్టుకెళ్తే కేసు బయటపడుతుంది, మనమూ బయటపడతాం. కొంగలు కొన్నవి జప్తులో ఉంటాయి. ఎన్నేళ్ళో తెలీదు."

"నేను ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పుంటే ఇంజనీరు లేడు. ఊళ్ళకి నీళ్ళు లేవు." చీఫ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చేసింది సరైనదే."

ఆ మాట ఎంత నిజమో తాబేలుకి తెలుసు. తెలిసినందువల్ల ఏమీ తేలికపడలేదు.

ట్రేడింగ్ మళ్ళీ మొదలయ్యాక షేరు ధర లిస్టింగ్ నాటి కంటే ఎత్తుకి ఎగిరింది. ఉంచుకున్నవాళ్ళు మిఠాయిలు పంచారు.

ఆదివారం అతను అక్క దగ్గరికి వెళ్ళాడు. బావ భుజానికి తువ్వాలు కట్టుకుని ఇస్త్రీ చేస్తున్నాడు. బావమరిదిని చూసి చేత్తోనే లోపలికి పొమ్మన్నాడు. లోపల అక్క చీటీలు కడుతూ కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అతను తన జీతంలోంచి తెచ్చిన కవరు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె విప్పకుండానే అతని జేబులో కుక్కింది.

"నీ దగ్గర తీసుకుంటే నేను పోగొట్టినట్టు. నేను పోగొట్టలేదురా, పోగొట్టుకునేలా చేశారు. ఆ హెల్ప్‌లైన్లో ఒకడున్నాడు చూడు, మనిషా మిషనా వాడు! నేను అంతలా బతిమాలుతుంటే అధికారం లేదట, అధికారం. తెలిసే ఉంటుంది వాడికి. గొంతులోనే తెలిసిపోయింది నాకు, ఏదో దాస్తున్నాడని."

తాబేలు ఒక చొక్కా తీసి చీటీ కట్టడం మొదలుపెట్టాడు. ముడి పడలేదు.

"వాడి మీద ఫిర్యాదు పెడతాను," అంది అక్క. ఫోన్ అతని చేతికిచ్చింది. "నీ భాష బాగుంటుంది. నేను చెబుతాను, నువ్వు కొట్టు. రాయి: మనసనేది లేని మనిషి. రాశావా? కష్టంలో ఉన్న ఆడమనిషి అడిగితే ఒక్క మంచిమాట చెప్పలేదు. సాటి మనిషికి సాయం చెయ్యలేనివాడు ఆ కుర్చీలో ఎందుకు?"

అతను ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా కొట్టాడు. ఒకచోట ఒత్తు పడకపోతే వెనక్కి వెళ్ళి దిద్దాడు కూడా. చివర యాప్ ఐదు ఖాళీ నక్షత్రాలు చూపించి, ఆ ఉద్యోగి సేవకి ఎన్ని ఇస్తారని అడిగింది.

"ఒక్కటి కూడా ఇవ్వకు," అంది అక్క.

"అలా కుదరదక్కా," అన్నాడు తాబేలు. "కనీసం ఒకటి ఇస్తేగానీ ఫిర్యాదు వెళ్ళదు."

అక్క చేతిలోని చీటీ ముడి వేసి, ఒప్పుకుంది. "సరే, ఇవ్వు. ఫోన్ ఎత్తినందుకు."